పలమనేరులో మొలవని మొక్క

మొక్కల సర్వేలో పనిచేసినవాడంటే కొండా కోనా తిరిగినవాడని జనం అనుకుంటారు. కొత్తగా ఈ పనిలో చేరినవాళ్ళు ఇంటికి వచ్చి, "సార్, ఏ అడవులు చూశారో చెప్పండి" అని అడుగుతుంటారు. అడవులు చూడలేదని కాదు. కానీ నా ఉద్యోగంలో ఎక్కువ భాగం తిరుపతిలో ఒక పొడుగాటి గదిలో, కలరా ఉండల వాసన మధ్య గడిచింది. నేను చేసిన అన్నిటికన్నా పెద్ద తప్పు కూడా ఏ కొండమీదా జరగలేదు. కుర్చీలో కూర్చుని, ఫ్యాను కింద, కాఫీ తాగుతూ చేశాను.

ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎక్కడికి బదిలీ అయింది, ఇవన్నీ వదిలేస్తాను. వాటివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఒక చిన్న పువ్వు గురించి, ఒక మనిషి గురించి చెబుతాను.

చీటీలు

మా పొడుగాటి గదిని హెర్బేరియం అంటారు. ఎండబెట్టిన మొక్కలను దళసరి కాగితాలకు కుట్టి, మూలన చీటీ అంటించి, ఇనప బీరువాల్లో దాచే చోటు. మొక్క ఎటూ చచ్చిపోయింది. అది ఏ ఊళ్ళో, ఎలాంటి నేలలో, ఏ నెలలో బతికిందో చెప్పేది ఆ చీటీ ఒక్కటే. చీటీ లేని మొక్క గడ్డితో సమానం. తప్పుడు చీటీ ఉన్న మొక్క గడ్డికన్నా హీనం. గడ్డినైతే ఆవైనా తింటుంది.

మొక్కను పీకిన చోటనే నిలబడి వివరాలు పుస్తకంలో రాసుకోవాలన్నది మొదటి నియమం. చేరిన రోజే మాకు అది నేర్పారు. రెండో రోజు నుంచి దాన్ని ఎలా తప్పించుకోవాలో పైవాళ్ళను చూసి మేమే నేర్చుకున్నాం. ఎండలో నిలబడి రాసే ఓపిక ఎవరికుంది? మొక్కలను పాత పేపర్ల మధ్య పెట్టి కట్ట కట్టేవాళ్ళం. శనివారం మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని, జ్ఞాపకం ఉన్నంతవరకు చీటీలు రాసేవాళ్ళం. జ్ఞాపకం లేనప్పుడు "రాతి నేల, తరచుగా కనబడును" అని రాసేవాళ్ళం. ఈ ఒక్క వాక్యంతో నేను చిత్తూరు జిల్లా సగం వర్ణించాను. ఒకసారి చెరువులో తేలే మొక్కకు కూడా రాతి నేలే రాశాను. ఎవరూ అడగలేదు. చీటీలు రాసేవాళ్ళే ఉన్నారు కానీ చదివేవాళ్ళు లేరు.

ఖాళీ గడి

డెబ్బైల చివర్లో మా ఆఫీసుకు పెద్దగా ఒకాయన ఉండేవాడు. ఆయన్ని పెద్దసారు అంటాను. చెడ్డవాడు కాదు. పట్టికలంటే ప్రాణం, అంతే. ఆయన గది గోడమీద ఒక చార్టు ఉండేది. నిలువుగా మొక్కల కుటుంబాల పేర్లు, అడ్డంగా రాయలసీమ జిల్లాల పేర్లు. ఒక కుటుంబానికి చెందిన మొక్క ఏదైనా జిల్లాలో దొరికితే ఆ గడిలో ఎర్ర సిరాతో టిక్కు పడేది. చిత్తూరు వరసలో ఖాళీ గడి కనబడితే ఆయనకు అన్నం సయించేది కాదు. భగవంతుడు మొక్కలను సృష్టించింది గడులు నింపడానికేనని ఆయన నమ్మకం.

ఆ ఖాళీ గడుల్లో ఒకటి ఫ్యుమేరియేసి కుటుంబానిది. ఆ కుటుంబంలో మన దేశపు మొక్కలు చాలామటుకు హిమాలయాల చలిలో ఉంటాయి. మైదానానికి దిగివచ్చింది ముఖ్యంగా ఒక చిన్న కలుపు మొక్క. ఉత్తరాదిలో దాన్ని పిత్‌పాపడా అంటారు, జ్వరాలకు కషాయం కాస్తారు. జానెడు ఎత్తు, బూడిద కలిసిన ఆకుపచ్చ, కొత్తిమీర కన్నా సన్నగా చీలిన ఆకులు. దూరం నుంచి చూస్తే నేలమీద పలచటి పొగ ఆగినట్టు ఉంటుంది. దగ్గరికి వంగితే, బియ్యపు గింజంత పువ్వు, లేత గులాబీ రంగు, కొనకు సిరాలో ముంచినట్టు ముదురు ఊదా. చలికాలంలో గోధుమ చేలల్లో, శనగ చేలల్లో మొలిచి, ఎండలు ముదిరేసరికి మాయమవుతుంది. దక్షిణాదిలో నీలగిరుల మీద ఉంది.

"ఉత్తరాన ఉంది, ఊటీలో ఉంది. మధ్యలో మనం ఏం పాపం చేశాం?" అని పెద్దసారు బాధపడేవాడు. "పలమనేరు చల్లటి ఊరు కదయ్యా. అక్కడ ఉండితీరాలి."

మొక్క ఉండితీరాలని ఆఫీసు నిశ్చయించుకుంటే, మొక్కకు వేరే దారి ఉండదు.

ఒక శనివారం

ఒక ఏడాది జనవరిలో నన్ను శిక్షణకని ఉత్తరాదికి పంపారు. అక్కడ ఒక గోధుమ చేలో ఈ మొక్కను మొదటిసారి చూశాను. ముచ్చటపడి నాలుగైదు పీకి, అక్కడి పేపర్లలో పెట్టుకుని తెచ్చాను. పుస్తకంలో ఏమీ రాసుకోలేదు. తిరిగి వచ్చిన వారానికి పలమనేరు వెళ్ళి అక్కడ ఒక కట్ట మొక్కలు తెచ్చాను. రెండు కట్టలూ నా బల్ల కింద పక్కపక్కనే పడి ఉన్నాయి. మధ్యలో ఎవరో బల్ల జరిపి ఊడ్చారు.

శనివారం వచ్చింది. కాఫీ వచ్చింది. చీటీలు రాయడం మొదలుపెట్టాను. ఆ సన్న ఆకుల మొక్క చేతికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగాను. ఇది అక్కడిదా, ఇక్కడిదా? పలమనేరు మొక్కల మధ్య నుంచి వచ్చింది కాబట్టి పలమనేరుదే అయి ఉంటుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, అనుకోవాలనుకున్నాను. ఆ ఖాళీ గడి నా కళ్ళముందు కదిలింది. "పలమనేరు సమీపం, పొలం గట్టు, అరుదు" అని రాశాను. "తరచుగా" అనకుండా "అరుదు" అనడమే ఆ రోజు నేను చూపిన నిజాయితీ.

మునిరత్నం

మొక్కలను కాగితాలకు కుట్టే పని మునిరత్నంది. నగరి చేనేత కుటుంబంవాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద. మగ్గం మీద ఆదరువు తగ్గి మా దగ్గర తాత్కాలిక ఉద్యోగంలో చేరాడు. ఏడేళ్ళుగా తాత్కాలికంగానే ఉన్నాడు. అతన్ని పర్మినెంటు చేసే ఫైలు ఆ ఏడాదే కదిలి పెద్దసారు బల్ల మీదికి వచ్చింది. అతని కుట్టు చూడాలి మీరు. కాడ నలగకుండా, దారం కనబడకుండా, కాగితం వెనక ముడి కూడా అందంగా ఉండేలా కుట్టేవాడు. మేము జిగురు వాడదామంటే ఒప్పుకునేవాడు కాదు. "జిగురుకు పురుగొస్తాది సార్. కుట్టుకు రాదు" అనేవాడు.

సోమవారం అతను ఆ మొక్కను పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"సార్, ఒక మాట సెప్తా. కోపం సేసుకోవద్దండి."

"ఏంది మునిరత్నం?"

"ఈ మొక్క పెట్టిండే పేపరు సూడండి. హిందీ పేపరు. పలమనేరులో హిందీ పేపరు యాడ దొరికింది సార్ మీకు?"

అతను వేరు దగ్గర వేలు పెట్టి చూపించాడు. వేళ్ళలో చిక్కుకుని రెండంగుళాల ఎండు కాడ ఉంది.

"ఇది కూడా ఏందో తెలీలా. వరి కాదు, రాగి కాదు. ఒకసారి సరిసూసుకోండి సార్. పెద్దసారుకు సీటీ పోకముందే."

అప్పుడే ఒప్పుకుని ఉంటే ఒక చీటీ చిరిగేది, అంతే. కానీ చీటీ శనివారం సాయంత్రమే పెద్దసారు దగ్గరికి వెళ్ళిపోయింది. ఎర్ర సిరా టిక్కు పడిపోయింది. పొద్దున ఆయన నా భుజం తట్టి, "జిల్లా పేరు నిలబెట్టావయ్యా" అన్నాడు. పదేళ్ళ ఉద్యోగంలో నా భుజాన్ని ఎవరైనా తట్టడం అదే మొదలు.

"ఆ కాడ తీసి పారేసి కుట్టు" అన్నాను.

మునిరత్నం నావైపు ఒకసారి చూశాడు. "ఉన్నిది ఉన్నట్టు కుట్టల్ల, ఏదీ తీయగూడదని నాకు నేర్పింది మీరే కదా సార్" అని వెళ్ళిపోయాడు. కాడతో సహా కుట్టాడు. ఎంత చక్కగా కుట్టాడంటే, చూస్తే అది కూడా ఆ మొక్కదే అనిపిస్తుంది.

చెంగల్రాయప్ప చేను

పెద్దసారు వ్యాసం రాశాడు. పటం వేశాడు. పటంలో పలమనేరు మీద నల్లటి చుక్క పెట్టాడు. తర్వాత ఆ చుక్కను కళ్ళారా చూడాలన్నాడు. జీపులో బయల్దేరాం.

నేను ఏదో ఒక చేను చూపించాలి. రోడ్డు పక్క ఒకటి చూపించాను. దాన్నే ఎంచుకోవడానికి కారణం, జీపు నిలపడానికి అక్కడ చింతచెట్టు నీడ ఉంది. చేను చెంగల్రాయప్ప అనే రైతుది. ఉలవలు కోసి ఉన్నాయి. మేము గట్టు వెంబడి వంగి వంగి నడుస్తుంటే ఆయన తుండుగుడ్డ దులుపుకుంటూ వచ్చాడు.

"ఏం సార్, ఈడ ఏం పోగొట్టుకుంటిరి?"

పెద్దసారు పుస్తకంలో బొమ్మ చూపించాడు. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొత్తిమీర మాదిరుండాదే! ఇట్లాంటిది మా చేన్లో ల్యా సార్. నేను ఈ నేలమీదే పుట్టినాను. మా నాయన ఈడే దున్నినాడు."

"మీకు కనబడకపోవచ్చు. శాస్త్రజ్ఞుడి కన్ను వేరు" అన్నాడు పెద్దసారు.

"అట్లయితే మీ కన్నుతోనే సూడండి సార్. మేం అడ్డమొస్తామా?"

మొక్క కనబడలేదు. ఎండలు వచ్చేశాయి కాబట్టి కనబడదని, వచ్చే చలికాలం తప్పక వస్తుందని పెద్దసారు తేల్చాడు. అందాకా ఈ అరుదైన మొక్కను కాపాడాలి. గట్టు పక్క రెండు గుంటల నేల దున్నకూడదని చెంగల్రాయప్పకు చెప్పి, చుట్టూ ముళ్ళకంప వేయించి, ఒక బోర్డు పాతించాడు.

చెంగల్రాయప్ప తల గోక్కున్నాడు. "నాకు తెలీక అడగతా సార్. అది కలుపు మొక్క అంటిరే. దున్నకుండా కలుపు యాడొస్తాది? కలుపు మడక ఎనకాలే వస్తాది. దున్నకపోతే తంగేడొస్తాది."

ఈ మొక్క ఎక్కడ బతుకుతుంది, ఎందుకు బతుకుతుంది అన్నదాని గురించి ఆ రోజు అక్కడ పలికిన నిజం ఆ ఒక్కటే. మనిషి దున్నిన నేలనే వెతుక్కుంటూ వచ్చే మొక్క అది. దాన్ని కాపాడటానికి దున్నడం ఆపించిన ఆఫీసు లోకంలో మాదొక్కటే అయి ఉంటుంది. నాకు ఆ సంగతి తెలుసు. శిక్షణలో నేర్చుకున్నాను. జీపు ఎక్కి కూర్చున్నాను.

కాపాడిన నేలలో తంగేడు బ్రహ్మాండంగా పెరిగింది. బోర్డు చదవడం రాని మేకలు కంప దాటి వెళ్ళాయి.

"అయ్యుండొచ్చు సార్"

మరుసటి చలికాలం ఉత్తరాది నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఈ కుటుంబం మొక్కల గురించి జీవితమంతా పనిచేసిన మనిషి. పటంలో చుక్క చూసి వచ్చిందట. పలమనేరు వెళ్ళేముందు మా గదిలో ఆ మొక్క కుట్టిన షీటు చూస్తానంది. మునిరత్నమే బీరువా తీసి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అతని ఫైలు ఇంకా పెద్దసారు గదిలోనే ఉంది. ఆ వారంలో సంతకం అవుతుందని గుమాస్తా చెప్పాడట. ఇంట్లో అప్పుడే ఆ మాట చెప్పేశాడని తర్వాత విన్నాను.

ఆవిడ భూతద్దం తీసి చాలాసేపు చూసింది. "పలమనేరులో గోధుమ పండిస్తారా?" అని ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది.

"లేదమ్మా, రాగులు, శెనక్కాయలు, ఉర్లగడ్డలు" అన్నాడు పెద్దసారు ఉత్సాహంగా.

"వేరులో గోధుమ కాడ ఉంది. ఇది మా వైపు మొక్క." భూతద్దం మూసి ఆవిడే మళ్ళీ అంది. "ఎవరు కుట్టారో కానీ ఇంత మంచి కుట్టు నేను ఎక్కడా చూడలేదు. ఆ కాడను తీయకుండా ఉంచినందుకు ఆయనకు నా నమస్కారం."

పెద్దసారు ముఖం ఎర్రబడింది. వ్యాసం ఆయనది, చుక్క ఆయనది. ఆయన కళ్ళు గదంతా తిరిగి మునిరత్నం మీద ఆగాయి.

"కుట్టింది ఇతనే. రెండు కట్టలు కలిపేసి, ఒకదాని చీటీ ఇంకోదానికి పెట్టి ఉంటాడు." తర్వాత నావైపు తిరిగాడు. "అంతే కదయ్యా?"

మునిరత్నం చేతిలో సూది ఉంది. నన్నే చూస్తున్నాడు. హిందీ పేపరు సంగతి అతను చెప్పవచ్చు. చెప్పలేదు. నేను చెబుతానని ఆగాడని ఇప్పుడు నాకు తెలుసు.

"అయ్యుండొచ్చు సార్" అన్నాను.

అబద్ధం కూడా ధైర్యంగా చెప్పలేకపోయాను. ఆఫీసుల్లో పాపాలు ఎక్కువగా ఇలాంటి మాటలతోనే జరుగుతాయి. "అవును" అంటే రేపు అడుగుతారు, "కాదు" అంటే ఈ రోజే అడుగుతారు. "అయ్యుండొచ్చు" అంటే ఎవరూ ఎప్పుడూ అడగరు.

మునిరత్నం సూదిని దూదిమెత్తలో గుచ్చి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆ నెలాఖరుకు అతన్ని రావద్దన్నారు. వెళ్ళే రోజు వరండాలో ఎదురుపడ్డాను. ఏదో గొణిగాను. అతను నవ్వాడు.

"ఏం పర్లేదు సార్. నాకు మగ్గం ఉండాది. మీకేముండాది, ఆ కుర్చీ తప్ప?"

చుక్క

మునిరత్నం వెళ్ళాక చీటీ దిద్దాలి కదా? దిద్దలేదు. దిద్దితే వ్యాసం తప్పని ఒప్పుకోవాలి. గోడమీద టిక్కు చెరపాలి. షీటును బీరువా అడుగున పెట్టేశారు. తప్పు చేశాడన్న మనిషిని తీసేశాం, తప్పును మాత్రం భద్రంగా దాచుకున్నాం. ఆ చుక్కను చూసి వేరేవాళ్ళు తమ పటాల్లో పెట్టుకున్నారు. చుక్క మీద చుక్క పడితే అది నిజమై కూర్చుంటుంది.

రెండేళ్ళ తర్వాత చెంగల్రాయప్ప కొండకు వచ్చి, గుండు చేయించుకుని, ఆఫీసుకు వచ్చాడు. "సార్, మీ మొక్క ఇంగా రాలా. బోర్డు మేకల దొడ్డికి తలుపు సేసినాను, ఏమనుకోవద్దండి. నేల దున్నుకునేదా?"

"దున్నుకో అప్పా" అన్నాను. ఆ ఆఫీసులో నేను చెప్పిన కొద్దిపాటి సరైన మాటల్లో అది ఒకటి.

నగరి

నేను నగరి వెళ్ళింది ఎనభైల చివర్లో. మునిరత్నం ఇంట్లో చేమగ్గం పోయి మరమగ్గాలు రెండు వచ్చాయి. ఆ చప్పుడుకు వీధి అదురుతోంది. నన్ను చూసి తల ఊపాడు కానీ మగ్గం ఆపలేదు.

"గట్టిగా మాట్లాడండి సార్! ఇనబళ్ళా!"

"తప్పు నాది" అన్నాను.

"ఆఁ?"

"తప్పు నాది మునిరత్నం!"

"ఏమంటిరీ?"

"ఆ రోజు తప్పు నాదే! చీటీ నేనే తప్పు రాశాను! నువ్వు కాదు!" అని అరిచాను. ఎదురింటివాళ్ళు గడపలోకి వచ్చి చూశారు. గదిలో మెల్లగా చెప్పాల్సిన మాట చెప్పకపోతే వీధికంతా వినబడేలా చెప్పాల్సి వస్తుంది.

అప్పుడు మునిరత్నం మగ్గం ఆపాడు. లోపలి నుంచి అతని భార్య నవ్వుతూ, "మొదటిసారే ఇన్యాడు సార్ ఆయప్ప. పాపం, మిమ్మల్ని ఊరికే అరిపిస్తాండాడు" అంది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

మునిరత్నం నవ్వలేదు. నేను గ్లాసు దించేదాకా ఆగి అడిగాడు.

"ఆ సీటీ మార్చినారా?"

"లేదు."

"మరి ఈడికెందుకొస్తిరి?" చేతికంటిన నూలు పీచు దులుపుకున్నాడు. "నేను నా ఊర్లోనే ఉండా సార్. ఊరు గాని ఊర్లో ఉండేది ఆ మొక్క కదా. ముందు దానికి న్యాయం సేసి రాపోండి."

మగ్గం మళ్ళీ మొదలైంది.

షీటు

మరుసటి సోమవారం బీరువా తీయించాను. పెద్దసారు అప్పటికే రిటైరయ్యాడు. కొత్తగా వచ్చిన ఆయన, "ఇప్పుడెందుకండీ పాతవి తవ్వడం?" అన్నాడు. ఆయన చార్టులో ఆ గడి నిండే ఉంది మరి.

పాత చీటీని చించకూడదు. దాని కిందే కొత్త చీటీ పెట్టాలి. ఇది ఈ పనిలో నాకు ఇష్టమైన నియమం. తప్పు కూడా కనబడుతూ ఉండాలి. కొత్త చీటీలో ఇలా రాశాను: "ఈ మొక్క పలమనేరులో తీసినది కాదు. ఉత్తరాదిలో గోధుమ చేలో తీసినది. పై చీటీ తప్పుగా రాసినది నేను. కుట్టిన మునిరత్నం ఈ తప్పును ఆనాడే నాకు చెప్పాడు." కింద సంతకం పెట్టాను. వ్యాసం అచ్చయిన చోటికి, పటాలు వేసినవాళ్ళకు ఉత్తరాలు రాశాను. ఒకరిద్దరు దిద్దుకున్నారు. మిగతా పటాల్లో ఆ చుక్క ఇప్పటికీ ఉంది. మీలో ఎవరికైనా అది కనబడితే పలమనేరు వెళ్ళి వెతకవద్దు. వెళ్ళినా, వంగి వెతికేముందు ఆ చేను దున్నేవాణ్ణి ఒక మాట అడగండి.

కొత్త చీటీని జిగురుతో అంటించడానికి అటెండరు సీసా తెచ్చాడు. వద్దని, సూదీ దారం అడిగాను. నాలుగు మూలలు కుట్టడానికి పొద్దంతా పట్టింది. రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. ఆ షీటు ఎప్పుడైనా తీస్తే మీకు రెండు రకాల కుట్లు కనబడతాయి. మొక్కకు, గోధుమ కాడకు వేసిన, దారం కనబడని కుట్లు మునిరత్నంవి. అడుగున ఉన్న వంకర కుట్లు నావి.